పేరు వేస్తే సరిపోతుందా? కాపీరైట్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో కాపీరైట్ గురించినవి ఇటీవల బాగా పెరిగాయి. కథలు చదివి వినిపించేవారు, పుస్తక సమీక్షకులు, అధ్యాపకులు, తమ రచనలపై హక్కు ఎవరిదో తేలక సతమతమవుతున్న రచయితలు రాసిన ఉత్తరాలలోంచి కొన్నింటిని ఎంచుకుని, ఈ సంచికలో శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను క్లుప్తం చేశాము. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను కొన్నేళ్లుగా యూట్యూబ్‌లో తెలుగు కథలు చదివి వినిపిస్తున్నాను. ప్రతి వీడియో మొదట్లో రచయిత పేరు, కథ అచ్చయిన పత్రిక పేరు తప్పకుండా చెబుతాను. ప్రకటనల ఆదాయం తీసుకోవడం లేదు. వీడియో కింద ‘ఫెయిర్ యూజ్ ప్రకారం వాడుతున్నాము’ అని కూడా రాస్తాను. అయినా, దివంగతులైన ఒక రచయిత కుటుంబం ఫిర్యాదు చేయడంతో రెండు వీడియోలు తొలగించారు, ఛానల్‌కు స్ట్రైక్ (కాపీరైట్ హెచ్చరిక) వచ్చింది. సాహిత్యాన్ని నలుగురికీ చేరవేస్తున్న వారికి ఇది న్యాయమేనా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ ఉద్దేశం మంచిదనడంలో సందేహం లేదు. అయితే చట్టం ఆ కుటుంబం వైపే ఉంది, అలా ఉండడం సబబేనని నా అభిప్రాయం.

మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చి, 1958 జనవరి 21 నుంచి అమలులో ఉంది. ఒక కథను ఏ రూపంలోనైనా ప్రతి తీయడం, ప్రజలకు చేరవేయడం, అనువదించడం, నాటకంగానో సినిమాగానో మలచడం వంటి పనులన్నింటిపైనా హక్కును ఆ చట్టంలోని సెక్షన్ 14 రచయితకు, ఆయన తదనంతరం వారసులకు ఇస్తుంది. మీరు కథను చదివి, రికార్డు చేసి, ఎవరైనా వినేటట్టు పెట్టినప్పుడు వీటిలో రెండు పనులు ఒకేసారి జరిగాయి. రచయిత పేరు చెప్పడమనేది వేరే సంగతి. తన రచనకు తానే కర్తనని చెప్పుకునే హక్కు, దానిని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకు సెక్షన్ 57 కింద విడిగా ఉన్నాయి. హక్కులన్నీ అమ్ముకున్న రచయితకు కూడా ఈ రెండూ మిగిలే ఉంటాయి. కాబట్టి పేరు చెప్పడం మీరు ఎలాగూ నెరవేర్చవలసిన బాధ్యతే తప్ప, అనుమతికి బదులుగా చెల్లే రుసుము కాదు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లనే మనవారిలో చాలామంది చిక్కుల్లో పడుతున్నారు.

ఇక ‘ఫెయిర్ యూజ్’ సంగతి. ఇది అమెరికా చట్టంలోని మాట. అక్కడి 1976 నాటి కాపీరైట్ చట్టంలో సెక్షన్ 107 ప్రకారం న్యాయస్థానం నాలుగు విషయాలు చూస్తుంది: వాడుక దేనికోసం, మూల రచన ఎటువంటిది, అందులోంచి ఎంత భాగం తీసుకున్నారు, దానివల్ల మూల రచన అమ్మకానికి ఏమేరకు దెబ్బ తగులుతుంది. అక్కడ ప్రయోజనాల జాబితా ఉన్నా అది ఉదాహరణల కోసమే. కొత్త రకపు వాడుకను కూడా న్యాయస్థానం సమ్మతమనవచ్చు. మన చట్టంలోని సెక్షన్ 52 ‘ఫెయిర్ డీలింగ్’ అనే పద్ధతిని పాటిస్తుంది. పరిశోధనతో సహా సొంత వాడకం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన వ్యవహారాలను తెలియజేయడం అనే ప్రయోజనాలను అది పేర్కొన్నది. వాడుక వీటిలో ఒకదాని కిందికి వచ్చిన తర్వాతే అది న్యాయమైన మోతాదులో ఉన్నదా అనే ప్రశ్న పుడుతుంది. వీటికి తోడు బడి, గ్రంథాలయం, వేదిక వంటి సందర్భాలకు ప్రత్యేకమైన మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అచ్చయిన రచనలోంచి సమంజసమైన కొంత భాగాన్ని సభలో చదవడానికి అనుమతి అటువంటిదే. ఒక కథను మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివి లోకానికంతటికీ వినిపించడం ఈ గడులలో దేనిలోనూ ఇమడదు. అమెరికా కొలతతో చూసినా నాలుగో అంశం దగ్గర మీకు ఇబ్బందే. ఆడియో పుస్తకాలకు ఈరోజు గిరాకీ ఉంది, మీ వీడియో వాటికి నేరుగా పోటీ అవుతుంది. ఆదాయం తీసుకోకపోవడం మీకు కొంత సానుకూలమే అయినా, అదొక్కటే రక్షణ కాదు.

వీడియో కింద రాసుకునే వాక్యానికి చట్టం దృష్టిలో విలువ లేదు. యూట్యూబ్ అమెరికా సంస్థ కనుక, అక్కడ 1998లో వచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారు ఫిర్యాదు చేయగానే వీడియోను తొలగిస్తుంది. స్ట్రైక్ సాధారణంగా 90 రోజులకు తొలగిపోతుంది. ఆ వ్యవధిలో మూడు వస్తే ఛానల్‌నే మూసివేయవచ్చు. ఫిర్యాదు తప్పనుకుంటే ప్రతివాదన పంపే వీలుంది. అయితే అది చట్టబద్ధమైన ప్రకటన, తప్పుడు ప్రకటనకు శిక్ష ఉంటుంది. మీ సందర్భంలో అది పంపవద్దు.

దానికి బదులు ఆ కుటుంబానికి ఒక ఉత్తరం రాయండి. ఏ కథ, ఏ ఛానల్, ఎంతకాలం ఉంచుతారు, ప్రకటనలు ఉంటాయా ఉండవా, వారు వద్దన్న రోజున తొలగిస్తారా అనే ఐదు సంగతులు అందులో ఉండాలి. ‘చదవండమ్మా’ అని ఫోన్‌లో అన్న మాటతో సరిపెట్టుకోకుండా, సంతకమో ఈమెయిల్ జవాబో తీసుకోండి. అడగకుండా వాడినందుకు నొచ్చుకున్న కుటుంబాలే, అడిగితే సంతోషంగా ఒప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు.

ప్రశ్న: పాత తెలుగు పుస్తకాలను తిరిగి అచ్చు వేయాలని మిత్రులం అనుకుంటున్నాము. ఏ రచయితవి ఎప్పటి నుంచి స్వేచ్ఛగా వేయవచ్చు? పుస్తకం దుకాణాల్లో దొరకకపోతే హక్కు పోయినట్టేనా? (కొందరు మిత్రులు, హైదరాబాద్)

జవాబు: దొరకకపోవడానికీ హక్కుకూ సంబంధం లేదు. లెక్క రచయిత మరణించిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. ఆ సంవత్సరం గడిచిన తర్వాత జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కించాలి. మొదట ఇది 50 ఏళ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలపై విశ్వభారతికి ఉన్న హక్కు 1991 చివరితో ముగియబోతున్న తరుణంలో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టాన్ని సవరించి, అందరికీ మరో పదేళ్లు పెంచింది.

ఈ లెక్కన గురజాడ (1915), కందుకూరి వీరేశలింగం (1919), గిడుగు రామమూర్తి (1940), చిలకమర్తి లక్ష్మీనరసింహం (1946) జీవితకాలంలో అచ్చయిన రచనలు ఎప్పుడో పబ్లిక్ డొమెయిన్‌లోకి, అంటే ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల స్థితిలోకి, వచ్చేశాయి. 1952లో కన్నుమూసిన అడవి బాపిరాజు రచనలు 2013 నుంచి, 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014 నుంచి, 1958లో మరణించిన ఉన్నవ లక్ష్మీనారాయణ రచనలు 2019 నుంచి అందరివీ అయ్యాయి. జాషువా (1971) రచనలపై హక్కు 2031 చివరి దాకా, విశ్వనాథ సత్యనారాయణ (1976) రచనలపై 2036 చివరి దాకా, శ్రీశ్రీ (1983) రచనలపై 2043 చివరి దాకా ఉంటుంది.

అచ్చుకు వెళ్లే ముందు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. రచయిత మరణించాక మొదటిసారి వెలుగు చూసిన రచనలకు, అంటే డైరీలు, లేఖలు, అముద్రిత కవితల వంటివాటికి, 60 ఏళ్ల లెక్క మరణం నుంచి కాక ప్రచురణ నుంచి మొదలవుతుంది. లేఖలపై కాపీరైట్ అందుకున్నవారిది కాదు, రాసినవారిది. ఎవరి పెట్టెలోనో భద్రంగా ఉన్నంత మాత్రాన ఆ ఉత్తరాలను అచ్చు వేసే హక్కు వారికి రాదు. మూలం స్వేచ్ఛగా ఉన్నా, దానికి తర్వాత ఎవరో రాసిన పీఠిక, వివరణలు, బొమ్మలు వేరే హక్కు కిందికి వస్తాయి. అందుచేత మీకు దొరికిన ఇటీవలి ముద్రణను యథాతథంగా స్కాన్ చేసి వేయకండి. వీలైనంత పాత ముద్రణ సంపాదించి, దాని పాఠాన్ని వాడుకోండి.

అనువాదాల విషయంలోనే ఎక్కువమంది తడబడతారు. ఠాగూర్ గీతాంజలి 2002 నుంచి అందరిదీ. దానిని ఎవరైనా కొత్తగా తెలుగు చేసుకోవచ్చు. కానీ గీతాంజలికి చలం చేసిన తెలుగు అనువాదం చలం రచన. ఆయన 1979లో మరణించారు కనుక దానిపై హక్కు 2039 చివరి వరకు ఆయన వారసులదో, వారి నుంచి హక్కు పొందినవారిదో అవుతుంది. మూలకర్త పోయి ఎనభై ఏళ్లు దాటిందన్న ధీమాతో ఆ అనువాదాన్ని ముట్టుకోకూడదు.

ప్రశ్న: ఇక్కడి తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో ఒక పాత నవలను నాటకంగా వేసి, దాని పుస్తకాన్ని కూడా ముద్రించాలనుకుంటున్నాము. రచయిత పోయి 70 ఏళ్లు దాటింది. సినిమా పాటలు కూడా పాడతాము. ఇండియాలో ఫ్రీ అయితే ఇక్కడా ఫ్రీయే కదా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: కాకపోవచ్చు. మీరు చేసే పనికి మీరున్న చోటి చట్టమే వర్తిస్తుంది. 1996 జనవరి 1 నాటికి భారతదేశంలో కాపీరైట్ ఇంకా అమలులో ఉన్న పాత రచనలకు అమెరికా తన చట్టం కింద హక్కును పునరుద్ధరించింది. అటువంటివాటికి అక్కడ ప్రచురణ సంవత్సరం నుంచి 95 ఏళ్లు లెక్క. మూల దేశంలో గడువు ముందే తీరిపోయినా అమెరికా తన గడువును తగ్గించుకోదు. 1952లో మరణించిన రచయిత నవల 1938లో అచ్చయిందనుకుందాము. అది విజయవాడలో 2013 నుంచి స్వేచ్ఛగా అచ్చు వేసుకోదగినది. డాలస్‌లో మాత్రం 2033 చివరి దాకా ఆగాలి. మీ నవల మొదట అచ్చయిన ఏడాది ఏదో చూసుకుని, అవసరమైతే వారసుల అనుమతి తీసుకోండి.

పాటల సంగతికి వస్తే, ఒక సినిమా పాటలో పొరలు ఉంటాయి. సాహిత్యం గీత రచయితది, బాణీ సంగీత దర్శకుడిది, ఆ రికార్డింగు నిర్మాతది లేదా ఆడియో కంపెనీది. గాయకుడికి తన గానంపై ప్రదర్శకుడిగా హక్కు ఉంటుంది. వీటిలో ఎవరు ఎవరికి ఏ హక్కు రాసిచ్చారన్నది ఒప్పందాలను బట్టి మారుతుంది. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి తమ పాటలు అనుమతి లేకుండా పాడరాదంటూ ఇళయరాజా గారి తరఫున నోటీసు వచ్చినప్పుడు, ‘పాడినవారికే పాడుకునే హక్కు లేదా’ అని ఎంతోమంది అభిమానులు బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పాటను అమరంగా పాడిన గొంతు అయినా సరే, బాణీ కట్టినవారి హక్కు గొంతుకు బదిలీ కాదు. మీ వంటి సంఘాలకు దారి సులభమే. వేడుక జరిగే హాలు యాజమాన్యాన్ని అడగండి. అక్కడ ఆస్కాప్, బీఎంఐ వంటి సంస్థల నుంచి బహిరంగ ప్రదర్శన లైసెన్సు తీసుకునే పద్ధతి ఉంది. మీరు పాడబోయే పాటలు ఆ లైసెన్సులోకి వస్తాయో లేదో ముందుగా రాతపూర్వకంగా కనుక్కోండి.

ప్రశ్న: పుస్తక సమీక్షలో ఎన్ని పంక్తులు ఉటంకించవచ్చు? పది శాతం వరకు ఫర్వాలేదని ఒకరు, వీడియో అయితే ముప్ఫై సెకన్లు దాటకూడదని మరొకరు చెబుతున్నారు. (ఒక సమీక్షకుడు, నెల్లూరు)

జవాబు: మన చట్టంలో సమీక్షకు ఇన్ని పంక్తులనీ, ఇన్ని సెకన్లనీ ఎక్కడా లేదు. ఆ అంకెలు ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి పాకినవే. అంకె లేకపోవడం సమీక్షకుడికి మేలే.

ఈ విషయంలో 1996 నాటి కేరళ హైకోర్టు తీర్పు చదవదగినది. ఒక ప్రసిద్ధ మలయాళ రాజకీయ నాటకాన్ని విమర్శిస్తూ సివిక్ చంద్రన్ ప్రతినాటకం రాశారు. మూల నాటకంలోని పాత్రలు, సన్నివేశాలు, సంభాషణలు అందులో చాలానే ఉన్నాయి. ప్రదర్శన ఆపాలని మూల రచయిత కుటుంబం కోరింది. న్యాయస్థానం మూడు ప్రశ్నలు వేసుకుంది: చేసిన విమర్శతో పోల్చితే తీసుకున్నదాని పరిమాణమూ విలువా ఎంత, తీసుకున్నది దేనికోసం, కొత్త రచన పాతదానితో పోటీకి దిగుతుందా. ఆ ప్రతినాటకం మూలానికి నకలు కాదనీ, దానిని ప్రశ్నించడానికే ఆ భాగాలను వాడుకున్నదనీ భావించి, ప్రదర్శనను ఆపడానికి న్యాయస్థానం ఒప్పుకోలేదు.

దీనిని మీ బల్ల మీదికి తెచ్చుకోండి. నలభై కవితలున్న ఒక సంపుటిని సమీక్షిస్తున్నారు. ఒక కవితలోంచి ఆరు పంక్తులు ఇచ్చి, మూడో పంక్తిలో కవి విరిచిన విరుపు తర్వాతి పంక్తి అర్థాన్ని ఎలా తిప్పేసిందో రెండు పేరాల్లో వివరించారు. ఇది నిక్షేపమైన సమీక్ష. కవిత మొత్తం ఆరు పంక్తులే అయినా, చర్చ దాని చుట్టూనే తిరుగుతున్నప్పుడు పూర్తిగా ఇవ్వడాన్ని సమర్థించుకోవచ్చు. అదే సంపుటిలోంచి ఐదు కవితలు పూర్తిగా దించి, మొదట ‘ఈ కవి భావుకుడు’ అనీ, చివర ‘అందరూ చదవాలి’ అనీ రాస్తే అది సమీక్ష ముసుగులో పునర్ముద్రణ. శాతం లెక్కలో రెండో సమీక్ష ఎనిమిదో వంతే తీసుకుంది. అయినా చిక్కు దానికే, ఎందుకంటే అక్కడ ఉటంకింపు చేయవలసిన పని ఏదీ చేయలేదు. రాసిన ప్రతి ఉటంకింపు దగ్గరా ఆగి, దీనిని తీసేస్తే నా వాదన కుంటుపడుతుందా అని అడిగి చూడండి. కుంటుపడకపోతే తీసేయండి. సినిమా సమీక్షలో వాడే దృశ్యాలకూ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు ఒక పుస్తకంలోని రెండు అధ్యాయాలు జిరాక్స్ తీయించి ఇస్తున్నాను. పుస్తకం ధర వారి స్థోమతకు మించినది. ఇది నేరమా? పీడీఎఫ్ చేసి టెలిగ్రామ్ గ్రూపులో పెట్టవచ్చా? (ఒక అధ్యాపకురాలు, వరంగల్)

జవాబు: మొదటిది నేరం కాదు, నిశ్చింతగా ఇవ్వండి. బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు రచనలను ప్రతి తీసుకోవడానికి సెక్షన్ 52 విడిగా అనుమతిస్తుంది. ప్రశ్నపత్రాలకూ అనుమతి ఉంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి అనే చిన్న ఫొటోకాపీ దుకాణంపైనా, ఢిల్లీ విశ్వవిద్యాలయంపైనా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయాలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి 2012లో దావా వేశాయి. పాఠ్యాంశాలను బట్టి వివిధ పుస్తకాల్లోని భాగాలను జిరాక్స్ తీసి, కుట్టి, ఆ దుకాణం విద్యార్థులకు అమ్మేది. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దావాను కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం, బోధనకు అవసరమైన మేరకు తీసుకోవడమే కొలమానమని చెబుతూ, ఆ కోర్సులకు ఆ భాగాలు నిజంగా అవసరమా అన్న ప్రశ్న వరకు విచారణకు తిప్పి పంపింది. 2017లో ప్రచురణ సంస్థలే కేసు నుంచి తప్పుకున్నాయి. పేద విద్యార్థికి పుస్తకం అందడం రచయితకు శత్రువైన పని కాదని మన న్యాయవ్యవస్థ చెప్పిన సందర్భంగా దానిని నేను ఎంతో గౌరవిస్తాను.

ఈ రక్షణ మీ తరగతికి సంబంధించినది. మీ విద్యార్థులకు, మీరు చెబుతున్న పాఠం కోసం, అవసరమైన అధ్యాయాలు ఇవ్వడం వేరు. పుస్తకం మొత్తాన్ని ఎవరైనా చేరగల గ్రూపులో పెట్టడం వేరు. రెండోది బోధన కాదు, పంపిణీ. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. రెండు అధ్యాయాలనే, మీ తరగతి వారే ఉన్న గ్రూపులో, ఆ సెమిస్టరు వరకు ఉంచితే మీరు తీర్పు స్ఫూర్తికి దగ్గరగా ఉన్నట్టే.

ప్రశ్న: సుమారు పదిహేనేళ్ల క్రితం నా కథల సంపుటిని ఒక ప్రచురణకర్తకు ఇచ్చాను. కొంత సొమ్ము ఇచ్చి, ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అన్న ఒక పేజీ కాగితంపై సంతకం తీసుకున్నారు. ఒక్క ముద్రణ వేసి ఊరుకున్నారు. ఇప్పుడు నా కథలు ఒక ఆడియో యాప్‌లో వినిపిస్తున్నాయి, నాకు రూపాయి రాలేదు. అడిగితే ఆ కాగితం చూపిస్తున్నారు. (ఒక కథా రచయిత, కరీంనగర్)

జవాబు: మీ ఉత్తరం చదివి బాధ కలిగింది, కానీ మీరు అనుకుంటున్నంత నిస్సహాయులు కారు. ఆ కాగితం జిరాక్స్ ప్రతి సంపాదించి, రెండు సంగతులు వెతకండి: ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి అని అందులో ఉన్నదా?

సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో, ఎంత ప్రతిఫలం అన్నవి పేర్కొనాలి. కాలం పేర్కొనకపోతే ఐదేళ్లుగానే పరిగణిస్తారు. ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకే. మీ కాగితంలో నిజంగా ‘సర్వహక్కులు’ అన్న ఒక్క మాటే ఉండి, కాలం ప్రస్తావన లేకపోతే, ఐదేళ్లు నిండిన నాడే హక్కులు మీకు తిరిగి వచ్చేశాయి. ఆ తర్వాత ఆడియో యాప్‌కు ఇచ్చే అధికారం వారికి లేదు. ‘శాశ్వతంగా’ అని స్పష్టంగా రాసి ఉంటే మాత్రం ఈ నియమం అక్కరకు రాదు. అప్పుడు కూడా, తీసుకున్న హక్కును బదిలీ అయిన ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో మరో విధంగా లేనప్పుడు, ఆ హక్కు మేరకు బదిలీ రద్దవుతుందన్న నియమం ఉంది. ముద్రణ వేశారు కనుక ముద్రణ హక్కు వాడుకున్నట్టే. ఆడియో హక్కును ఏడాదిలో వాడుకోలేదు కదా. న్యాయవాదికి ఈ సంగతిని ప్రత్యేకంగా చెప్పండి.

2012 జూన్ నుంచి అమలైన సవరణ మరొక అడుగు ముందుకు వేసింది. ఒప్పందం నాటికి ఉనికిలో లేని, లేదా వాణిజ్యపరంగా వాడుకలోకి రాని మాధ్యమానికి బదిలీ వర్తించదు, ఆ మాధ్యమాన్ని పేరుపెట్టి రాసుకుంటే తప్ప. సినిమా గీత రచయితలు, సంగీత దర్శకులు థియేటర్ బయటి వాడకాలపై రాయల్టీలో తమ సమాన వాటాను నిర్మాతలకో ఆడియో కంపెనీలకో వదులుకోకుండా కాపాడినది కూడా ఆ సవరణే.

ముందుగా ఆడియో యాప్ వారికీ, ప్రచురణకర్తకూ న్యాయవాది ద్వారా నోటీసు పంపించండి. ఇకపై రాసుకునే ఏ ఒప్పందంలోనైనా ముద్రణ, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులను వేర్వేరు వాక్యాలుగా రాయించుకోండి. పత్రికకు బయటినుంచి రాసే రచయితలకు ఇంకొక మాట: మీరు ఆ పత్రికలో జీతానికి పనిచేసే ఉద్యోగి కానప్పుడు, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, కథ అచ్చయినంత మాత్రాన దాని కాపీరైట్ పత్రికకు పోదు.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులో, సంగీత్‌లో సినిమా పాటలు పెట్టుకుంటే లైసెన్సు కావాలని ఫంక్షన్ హాలువారు డబ్బు అడుగుతున్నారు. (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: అక్కరలేదు. మతపరమైన వేడుకల్లో పాటలు వినిపించడం ఉల్లంఘన కాదని, పెళ్లి ఊరేగింపు, వివాహానికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అందులోకి వస్తాయని సెక్షన్ 52లోనే ఉంది. పెళ్లిళ్లలో రాయల్టీ అడగవద్దని కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో బహిరంగ ప్రకటన కూడా ఇచ్చింది. అయితే ఆ పాటలతో పెళ్లి వీడియో తయారుచేసి యూట్యూబ్‌లో పెట్టడానికి ఈ మినహాయింపు వర్తించదు.

ప్రశ్న: నా పుస్తకం ముఖచిత్రానికి గూగుల్‌లో దొరికిన ఫొటో వాడవచ్చా? (ఒక కవయిత్రి, అనంతపురం)

జవాబు: వాడకండి. గూగుల్ చూపిస్తుందే తప్ప హక్కు ఇవ్వదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, అంటే కొన్ని షరతులపై అందరికీ హక్కుదారు ముందే ఇచ్చిన అనుమతితో, ఉన్న చిత్రాలు వెతకండి, వాటిలోనూ వాణిజ్య వాడకానికి అనుమతి ఉన్నదో లేదో చదవండి. మీరు డబ్బు ఇచ్చి ఫొటోగ్రాఫర్‌తో ప్రత్యేకంగా తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫొటో హక్కు మీదే.

ప్రశ్న: ఒక నిర్మాణ సంస్థలో కథ చెప్పాను. రెండేళ్లకు అదే పాయింటుతో సినిమా వచ్చింది. కథను నాకు నేనే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని ఉంటే గెలిచేవాడినా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ‘పాయింటు’ ఒక్కటే కలిస్తే గెలవడం కష్టం. కాపీరైట్ ఆలోచనకు ఉండదు, దానిని వ్యక్తం చేసిన తీరుకు ఉంటుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని తేల్చింది. ప్రాంతీయ దురభిమానంపై ఆయన రాసిన నాటకానికీ, తర్వాత వచ్చిన సినిమాకూ ఇతివృత్తం ఒకటే అయినా, నడిపిన తీరు వేరని నిర్ణయించింది. రెండూ చూసిన సామాన్య ప్రేక్షకుడికి ఇది దానికి నకలేనన్న స్పష్టమైన అభిప్రాయం కలగాలన్నది ఆ తీర్పు పెట్టిన పరీక్ష. కాబట్టి సన్నివేశాల క్రమం, పాత్రల మధ్య సంబంధాలు, మలుపులు, సంభాషణలు పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి.

సీలు విప్పని కవరు కన్నా నమోదు మేలు. కాపీరైట్ పుట్టడానికి నమోదు అవసరం లేదు, రాసిన క్షణానే అది మీది. కానీ కాపీరైట్ కార్యాలయపు రిజిస్టరు న్యాయస్థానంలో ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పూర్తి స్క్రిప్టు రాసి, నమోదు చేసి, ఎవరికి ఏ తేదీన పంపారో ఈమెయిల్ రూపంలో ఉండేటట్టు చూసుకుని, ఆ తర్వాతే కథ చెప్పడానికి వెళ్లండి.

ప్రశ్న: చూపు లేని విద్యార్థుల కోసం మేము కొందరం గృహిణులం పాఠ్యపుస్తకాలు, నవలలు పూర్తిగా చదివి రికార్డు చేస్తున్నాము. ప్రతి ప్రచురణకర్తనూ అనుమతి అడగడం మా వల్ల కావడం లేదు. ఆపేయాలా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ఆపవద్దు. 2012 సవరణ సరిగ్గా మీవంటి వారి కోసమే సెక్షన్ 52లో కొత్త మినహాయింపు చేర్చింది. వైకల్యం వల్ల మామూలు పుస్తకాన్ని చదవలేనివారికి అందుబాటయ్యే ఏ రూపంలోకైనా, పుస్తకం మొత్తాన్ని, ఎవరి అనుమతీ లేకుండా మార్చి ఇవ్వవచ్చు. బ్రెయిలీ, ఆడియో, పెద్ద అక్షరాలు, తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు అనువైన ఫైలు, ఏదైనా సరే. ఈ అవసరం కోసమే 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని ఆ మరుసటి ఏడాది ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే.

షరతులు రెండే. లాభాపేక్ష ఉండకూడదు, చేస్తున్నది సంస్థ అయితే తయారీ ఖర్చు మేరకు మాత్రమే తీసుకోవచ్చు. ప్రతులు వైకల్యం ఉన్నవారికే చేరేటట్టు, మామూలు వ్యాపార మార్గాల్లోకి వెళ్లకుండా సహేతుకమైన జాగ్రత్త తీసుకోవాలి. అంటే రికార్డింగులను అందరికీ కనిపించే ఛానల్‌లో పెట్టకుండా, పేరు నమోదు చేసుకున్న విద్యార్థులకే లింకు పంపండి. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. వీలైతే మీ బృందాన్ని సొసైటీగా నమోదు చేసుకోండి. విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు మీకు పుస్తకాలు పంపడానికి అది వీలు కల్పిస్తుంది.